దగ్గరి దారి వదిలి ఆఫీసుకి

"అన్నా, నీ ఇల్లు చందానగరే కద. ముప్పై కిలోమీటర్లు ఎట్లయినయి?"

ఒక మంగళవారం ఉదయం మా ఆఫీసు గేటు దగ్గరి సెక్యూరిటీ తమ్ముడు నా సైకిల్ హ్యాండిల్ మీది మీటరు చూసి అడిగాడు. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. లింగంపల్లి, సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న పాత బొంబాయి రోడ్డు, గచ్చిబౌలి మీదుగా వస్తే అటూ ఇటూగా 12 కిలోమీటర్లు. కొల్లూరు మీదుగా వచ్చానని చెప్పాను. "కొల్లూరా? అది ఆడుంది కద!" అని చెయ్యి దూరంగా చాపి, దారి తప్పినవాణ్ణి చూసినట్టు జాలిగా చూశాడు.

దారి తప్పలేదు. సైకిల్ మీద ఎక్కువ దూరాలు తొక్కాలన్న కోరికా, దానికి అడ్డంగా ఉద్యోగమూ సంసారమూ ఉన్నవాళ్లకి ఏళ్ల తరబడి నిలబడే ఉపాయం నాకు తెలిసి ఇదొక్కటే. ఎలాగూ వెళ్లాల్సిన ఆఫీసు దారినే వారానికి ఒకటి రెండుసార్లు సాగదీయడం. ఇందులో ఒక లెక్క ఉంది. ఆ లెక్క అర్థమైతే మిగతావన్నీ సర్దుబాట్లే.

చాలామంది దూరప్రయాణాన్ని ఆదివారానికి వాయిదా వేస్తారు. ఆదివారం వస్తుంది. దాంతో పాటు పెళ్లి భోజనమో, గ్యాస్ స్టవ్ రిపేరో, పిల్లల ప్రాజెక్టు చార్టో వస్తుంది. ఏదీ రాకపోయినా ఆదివారం సైకిల్ తీయడమంటే టైర్లలో గాలి చూడాలి, బట్టలు మార్చుకోవాలి, సీసాలో నీళ్లు పోయాలి, తిరిగొచ్చి స్నానం చేయాలి, ఆ చెమట బట్టలు ఉతకాలి. గంట తొక్కడానికి ఇంకో గంట ఈ పనులకే పోతుంది. సైకిల్ తొక్కడంలో మనల్ని వెనక్కి లాగేది దూరం కన్నా ఈ తయారవడమే.

ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లేవాళ్లు ఈ తయారయ్యే ఖర్చు ఎలాగూ పెడుతున్నారు. పన్నెండు కిలోమీటర్లకీ అదే గాలి, అవే బట్టలు, అదే స్నానం. ముప్పైకీ అవే. కొత్తగా పెట్టేది తేడా సమయం మాత్రమే. దగ్గరి దారిలో సిగ్నళ్లూ ట్రాఫిక్కూ కలిపి నాకు 45 నిమిషాలు పడుతుంది. కొల్లూరు చుట్టూ వస్తే గంటా నలభై. అంటే 55 నిమిషాలు అదనంగా ఇస్తే 18 కిలోమీటర్లు వచ్చాయి. కారులో వచ్చే పక్క సీటు మిత్రుడు పొద్దున తొమ్మిదింటికి బయల్దేరి అదే దారిలో ఎంతసేపు కూర్చుంటాడో కూడా లెక్కలో వేస్తే నా తేడా ఇంకా తగ్గుతుంది. ఆ మాట అతనితో అననులెండి.

ఇంతకీ చుట్టుదారి ఏది? కిలోమీటర్లు పెంచడానికి కాలనీలో రౌండ్లు కొట్టకండి, రెండో వారానికే విసుగొస్తుంది. చుట్టుదారికి ఉండాల్సిన లక్షణం ఆగకుండా తొక్కగలగడం. పది సిగ్నళ్లున్న ఇరవై కిలోమీటర్ల కంటే రెండే సిగ్నళ్లున్న ముప్పై కాళ్లకి హాయి. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి, మళ్లీ బండిని సున్నా నుంచి వేగానికి తేవడంలో కండరాలు పడే పాట్లు సాఫీగా తొక్కేటప్పుడు ఉండవు.

హైదరాబాద్ పడమటి వైపు వాళ్లకి ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్రవాహనాలకే ప్రవేశం లేదు, సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆ రోడ్డుకీ సర్వీస్ రోడ్డుకీ మధ్య 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. రెండు పాయలు: కొల్లూరు నుంచి నార్సింగి దాకా 14.5 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5. వెడల్పు నాలుగున్నర మీటర్లు. నెత్తి మీద సోలార్ పలకల కప్పు, దాని సామర్థ్యం 16 మెగావాట్లు. నేను లింగంపల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ మీదుగా కొల్లూరు చేరి ట్రాక్ ఎక్కుతాను, నార్సింగి దగ్గర దిగుతాను. అక్కణ్ణించి ఆఫీసు నాలుగైదు కిలోమీటర్లు.

కప్పు గురించి ఒక మాట. పొద్దున ఏడింటికి ఎండ ఏటవాలుగా పడుతుంది. కొల్లూరు నుంచి దక్షిణానికి వస్తుంటే అది ఎడమ పక్కనుంచి కప్పు కిందికి దూరి చెంప మీద కొడుతుంది. కాబట్టి కప్పుంది కదా అని నల్లద్దాలు మర్చిపోవద్దు. వాన విషయంలో మాత్రం ఆ కప్పు మాట నిలబెట్టుకుంటుంది. వాన ఎక్కువైతే నా ఇబ్బంది ట్రాక్ మీద కాదు, ట్రాక్ చేరేలోపు ఉన్న లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి దగ్గర. అక్కడ నీళ్లు నిలిచిన రోజు చుట్టుదారి ఆలోచన మానుకోవడమే.

మీ ఊళ్లో ఇలాంటి ట్రాక్ లేకపోవచ్చు. ఫర్వాలేదు. విశాఖలో అయితే బీచ్ రోడ్డు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది, విజయవాడలో కాలువ గట్ల రోడ్లున్నాయి, చిన్న ఊళ్లలో బైపాసు కన్నా పక్క ఊరి మీదుగా పోయే పాత రోడ్డే మేలు. ఏదైనా సరే, పనిరోజున మొదటిసారి ఆ దారి పట్టొద్దు. ముందు ఒక ఆదివారం తొక్కి, గడియారం చూసుకుని, ఎక్కడ గుంతలున్నాయో, ఆలస్యమైతే మధ్యలో ఎక్కడ బయటపడి దగ్గరి దారిలో కలవచ్చో చూసుకోవాలి. ఆ తప్పుకునే సందులు మనసులో ఉంటేనే మిగతా దారి నిశ్చింతగా తొక్కుతాం.

పొద్దున చుట్టు తిరగాలా, సాయంత్రమా? సాయంత్రమే మంచిదనే వాళ్లున్నారు. ఆఫీసుకి ఫలానా టైముకి చేరాలన్న తొందర ఉండదు, ఇంటికెళ్లి తీరిగ్గా స్నానం చేయొచ్చు, పంచరైతే ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. వాదన బాగానే ఉంది. హైదరాబాద్ సాయంత్రం మాత్రం ఆ వాదన వినదు. ఆరింటికి రోడ్డంతా హారన్లు, వేసవిలో రోడ్డు లోపలి వేడి కాళ్లకి తగులుతుంది, నవంబర్ చివర్లో అయితే ఐదూ నలభైకే పొద్దుగూకుతుంది. ఐటీ ఉద్యోగమైతే ఏడింటికి అమెరికా వాళ్ల కాల్. నా ఓటు పొద్దుటికే.

దానికో షరతు ఉంది, పొద్దు ఎప్పుడు పొడుస్తుందో తెలిసి ఉండాలి. జూన్ మొదట్లో హైదరాబాద్‌లో ఐదూ నలభైకే సూర్యుడొస్తాడు, జనవరి మధ్యలో ఆరూ ముప్పావు దాటితే గానీ రాడు. ఒక గంట పైన తేడా. అందుకే వేసవిలో నేను ఐదున్నరకి ఇంటి గేటు దాటుతాను, ఏడూ పదికి ఆఫీసులో ఉంటాను. సంక్రాంతి రోజుల్లో ఆరున్నరకి ముందు కదలను. కదిలినా ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు రెండూ వెలగాల్సిందే. వెనక లైటు మనం చూసుకోలేం కాబట్టి అది ఆరిపోయిన సంగతి మనకే ఆఖరున తెలుస్తుంది. ఛార్జింగ్ ముందు రాత్రే.

గాలినీ లెక్కలో వేయాలి. జూన్, జులై నెలల్లో నైరుతి గాలులు పడమటి వైపు నుంచి బలంగా కొడతాయి. సైకిల్ మీద వెళ్లేవాడికి చదునైన రోడ్డు మీద పెద్ద శత్రువు గాలే. గాలి మనని ఆపే బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి నిమిషానికి కావాల్సిన శక్తి ఎనిమిదింతలు. గంటకి 18 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడికి ఎదురుగా పది కిలోమీటర్ల గాలి వీచిందంటే, ఆపే బలం దాదాపు రెండున్నర రెట్లయినట్టు. అలాంటి రోజు కొండెక్కుతున్నట్టే అనుకుని గేరు తగ్గించి నెమ్మదిగా పోవాలి. మీటరు చూసి పౌరుషానికి పోతే ఆఫీసుకి చేరేసరికి కళ్లు తేలేస్తాం.

ఇక్కడే కొత్తవాళ్లు తప్పు చేస్తారు. దూరం పెరిగింది కాబట్టి వేగం పెంచి సమయం మిగుల్చుకుందామనుకుంటారు. ముప్పై కిలోమీటర్లు 18 వేగంతో వంద నిమిషాలు, 22 వేగంతో 82 నిమిషాలు. లాభం 18 నిమిషాలు. ఆ 18 నిమిషాల కోసం గాలిని చీల్చడానికి నిమిషానికి పెట్టే శక్తి ఎనభై శాతం పైగా పెరుగుతుంది. పైగా శరీరం ఖర్చు చేసే శక్తిలో పెడళ్లకి చేరేది ఇంచుమించు నాలుగో వంతు, మిగతాదంతా వేడి. ఆ వేడిని బయటికి పంపడానికే చెమట. అంటే వేగంగా తొక్కి మిగిల్చిన 18 నిమిషాల్లో చాలా భాగం ఆఫీసు బాత్‌రూమ్ ముందు ఫ్యాన్ కింద నిలబడటానికే పోతుంది.

సరైన వేగానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువ తొక్కుతున్నట్టు. పాట పాడగలుగుతున్నామంటే కాస్త పెంచొచ్చు. చివరి రెండు మూడు కిలోమీటర్లు ఇంకా తగ్గించి, గుండె దడ దిగేలా, ఊరికే కాళ్లు తిప్పుతూ రావాలి. గేటు దాకా దౌడు తీసి ఆగిన వాడికి ఆగిన తర్వాతే చెమట ధార కడుతుంది. ఎందుకంటే తొక్కేటప్పుడు చల్లార్చిన గాలి ఆగిపోయింది, లోపలి వేడి ఆగలేదు.

తిండి విషయంలో జనానికి రెండు రకాల భయాలు. ఏమీ తినకుండా తొక్కితే పడిపోతామని ఒకటి, తింటే కడుపులో తిప్పుతుందని రెండోది. మన కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే 1,600 నుంచి 2,000 కిలోకేలరీలు. నెమ్మదిగా ముప్పై కిలోమీటర్లు తొక్కడానికి మామూలు బరువున్న మనిషికి ఆరు నుంచి ఎనిమిది వందలు చాలు, అందులో కొంత కొవ్వు నుంచీ వస్తుంది. కాబట్టి పడిపోరు. కానీ రాత్రంతా ఉపవాసంలో కాలేయం నిల్వ తగ్గి ఉంటుంది, అందుకే గంట దాటాక కొందరికి కళ్ల ముందు పలచబడినట్టుంటుంది. బయల్దేరే ముందు ఒక అరటిపండు, జేబులో ఒక పల్లీపట్టి. అరటిపండులో పాతిక గ్రాముల పైన పిండిపదార్థం ఉంటుంది, పొట్టకి బరువుండదు. ఇడ్లీలు ఆఫీసు చేరాకే. ముప్పై కిలోమీటర్ల తర్వాత క్యాంటీన్ ఇడ్లీ కూడా బాగుంటుందంటే మీరే ఊహించుకోండి.

నీళ్లు గంటకి అర లీటరు, ఏప్రిల్, మే నెలల్లో ఇంకా ఎక్కువ. ఒకేసారి గటగటా తాగకుండా పావుగంటకో గుక్క. చేరాక ఉప్పేసిన పలచటి మజ్జిగ దొరికితే దానికి మించింది లేదు.

ఇప్పుడు అసలు సమస్య: ఆఫీసులో మనిషిలా కనపడటం. ఇది పెద్ద విషయమే. సైకిల్ మానేసినవాళ్లలో ఎక్కువమంది కాళ్లనొప్పులతో మానలేదు, చొక్కా ముడతలతో మానారు. నేను చేసేది చెప్తాను. సోమవారం బస్సులో వెళ్తాను, వారానికి సరిపడా బట్టలు, తువ్వాలు, చెప్పులు, సబ్బు ఆఫీసు లాకరులో పెడతాను. శుక్రవారం మాసినవి తెచ్చుకుంటాను. షవరున్న ఆఫీసులు పెద్ద క్యాంపస్‌లలో ఉన్నాయి, మీది అలాంటిదైతే ఈ పేరా దాటేయండి. లేనివాళ్లు చేరగానే బాత్‌రూమ్‌లోకి పరుగెత్తొద్దు. పదిహేను నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోవాలి, చెమట ఆగాలి. తర్వాత తడి తువ్వాలుతో మెడ, చంకలు, వీపు తుడుచుకుని, ఆరాక బట్టలు మార్చుకోవాలి. చెమట ఆగకముందే చేసిన స్నానం చెమటతోనే ముగుస్తుంది.

బ్యాగు వీపున వేసుకోవద్దు. అరగంట ప్రయాణానికి పర్వాలేదు గానీ గంటన్నరకి వీపంతా తడిసి ముద్దవుతుంది, మెడ పట్టేస్తుంది. వెనక క్యారియర్ బిగించి దాని పక్కన సంచి తగిలించుకోవాలి. మా నాన్న క్యారియర్ మీద క్యారేజీ కట్టుకుని ఇరవై ఏళ్లు ఉద్యోగానికి వెళ్లాడు. గేర్ల సైకిళ్లు వచ్చాక క్యారియర్ ఉంటే నామోషీ అయింది. ఇప్పుడు అదే వస్తువుని విడిగా కొని బిగించుకుంటున్నాం. చున్నీ వేసుకునేవాళ్లు దాన్ని నడుముకి కట్టుకోవాలి, లేదా బ్యాగులో పెట్టుకోవాలి. వెనక చక్రంలో చుట్టుకుంటే పడేది సైకిల్ ఒక్కటే కాదు.

సీటు ఎత్తు గురించి చెప్పకపోతే మోకాళ్లు నన్ను తిట్టుకుంటాయి. పన్నెండు కిలోమీటర్లలో కనపడని తప్పు ముప్పైలో బయటపడుతుంది. పెడల్ కింది దాకా వెళ్లినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. మనవాళ్లు ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకానాలని సీటు కిందికి దించుకుంటారు, అందుకే మోకాలి చిప్ప ముందు నొప్పి. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగడం అలవాటు చేసుకుంటే సీటు ఎత్తు పెంచుకోవచ్చు.

పంచరు పడుతుంది. పడుతుందా అని కాదు, ఏ రోజు అన్నదే తెలీదు. తెల్లాపూర్ వైపు కట్టడాలు జరిగే చోట్ల మేకులు, గాజుపెంకులు, ఊరి దారుల్లో తుమ్మముళ్లు. పొద్దున ఆరింటికి పంచరు కొట్టు ఏదీ తీసి ఉండదు. కాబట్టి ఒక కొత్త ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లలు రెండు, చిన్న పంపు సంచిలో ఉండాలి. ఇంటి దగ్గర రెండుసార్లు చేసి చూస్తే రోడ్డు మీద పావుగంట, ఇరవై నిమిషాల పని. ఇంకో చిన్న సంగతి నేను ఆలస్యంగా తెలుసుకున్నది. సన్న టైర్ల సైకిళ్లలో చాలావాటికి వాల్వు ముక్కు సన్నగా ఉంటుంది. పంచరు కొట్టులోనో పెట్రోలు బంకులోనో ఉండే గొట్టం దానికి పట్టదు. దాని మీద బిగించే ఇత్తడి బిళ్ల ఒకటి సైకిల్ షాపుల్లో దొరుకుతుంది, చాలా చవక. అది లేక ఒకసారి నేను కొల్లూరు దగ్గర, పని చేసే గాలి యంత్రం ఎదురుగా, గాలి లేని చక్రంతో అరగంట నిలబడ్డాను.

కుక్కలు తెల్లవారుజామునే చురుగ్గా ఉంటాయి. పరుగెత్తేదాన్ని తరమడం వాటి స్వభావం. వేగం పెంచి గెలుద్దామనుకోవద్దు. ఆగి, దిగి, సైకిల్ మనకీ కుక్కకీ మధ్య ఉండేలా నడిస్తే చాలావరకు వాటి ఉత్సాహం చల్లారుతుంది.

వారానికి ఎన్నిసార్లు? ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే కనీస లెక్క వారానికి 150 నిమిషాల మోస్తరు శ్రమ. దగ్గరి దారిలోనే రెండు రోజులు రానూపోనూ తొక్కితే 180 నిమిషాలు. అంటే ఆరోగ్యం బాకీ పన్నెండు కిలోమీటర్ల దారిలోనే తీరిపోతుంది. ఈ చుట్టు తిరగడం ఆరోగ్యం కోసమని ఇంట్లో చెప్పి ఒప్పించేవాళ్లని నేను తప్పు పట్టను గానీ, నిజానికి ఇది దూరం మీది సరదా, ఓర్పు పెంచుకోవడం. కాబట్టి దాని ధర ఎవరు కడుతున్నారో చూసుకోవాలి. ఎక్కువసార్లు ఆ ధర కట్టేది నిద్ర. ఐదున్నరకి బయల్దేరాలంటే నాలుగూ ముప్పావుకి లేవాలి, తొమ్మిదిన్నర, పదికల్లా పడుకోవాలి. రాత్రి పదకొండు దాకా కాల్స్ ఉన్న వారంలో నేను చుట్టుదారి పెట్టుకోను. అరకొర నిద్రతో రోడ్డెక్కినవాడు లారీని ఆలస్యంగా చూస్తాడు.

నా పద్ధతి మంగళవారం, శుక్రవారం. రెండు రోజులూ పొద్దున 30, సాయంత్రం దగ్గరి దారిలో 12. వారానికి 84 కిలోమీటర్లు. సెలవులు, వానలు, జ్వరాలు తీసేసి ఏడాదికి 45 వారాలు అనుకున్నా 3,780. అంత తొక్కితే చైను దాదాపు ఏడాదికొకటి మార్చాల్సి వస్తుంది, అదీ వారానికోసారి తుడిచి నూనె వేస్తేనే. మొదలుపెట్టేవాళ్లు ఒక్కసారే ఇక్కడికి దూకొద్దు. మొదటి వారం పది నిమిషాల చుట్టు చాలు, ఆ తర్వాత వారానికి తొక్కే మొత్తం దూరాన్ని పది శాతం చొప్పున పెంచుకుంటూ పోవడం పాత సైక్లిస్టులు పాటించే కొలత. ఊపిరి నెలలో అలవాటవుతుంది, మోకాళ్ల కీళ్లూ నరాలూ అంత త్వరగా ఒప్పుకోవు.

రెండువైపులా తొక్కడం కష్టమైతే విడగొట్టొచ్చు. మంగళవారం పొద్దున చుట్టుదారిలో వచ్చి, సైకిల్ ఆఫీసు పార్కింగ్‌లో తాళం వేసి, సాయంత్రం బస్సులోనో ఆఫీసు క్యాబ్‌లోనో ఇంటికి. బుధవారం పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం సైకిల్ మీద ఇంటికి. చీకటి పడ్డాక ఒంటరిగా తొక్కడం ఇష్టంలేనివాళ్లు ఆ సాయంత్రం ప్రయాణాన్ని పెందలాడే బయల్దేరగలిగే రోజుకి జరుపుకోవచ్చు. తాళం మాత్రం మంచిది కొనాలి. చక్రానికే కాక ఫ్రేముకీ, ఏదైనా కడ్డీకీ కలిపి వేయాలి.

ఇలా ఆరు నెలలు గడిస్తే కొందరికి ఇంకో ఆలోచన వస్తుంది. బ్రెవెట్ అనే పేరుతో జరిగే దూరప్రయాణాలున్నాయి. వాటిలో పోటీ ఉండదు, గడువు మాత్రం ఉంటుంది. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి 20, 400కి 27, 600కి 40. ఈ పద్ధతి ఫ్రాన్స్ నుంచి వచ్చింది. అక్కడ నాలుగేళ్లకోసారి పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే 1,200 కిలోమీటర్ల ప్రయాణానికి గరిష్ఠ గడువు 90 గంటలు. అదే దారిలో మొదటి పందెం జరిగింది 1891లో. మన దగ్గర హైదరాబాద్‌లోనూ 200 నుంచి మొదలయ్యే బ్రెవెట్లు జరుగుతాయి. గడువు లెక్కేసి చూడండి, ఆగిన సమయం కూడా కలిపి గంటకి 15 కిలోమీటర్లు దాటితే చాలు. మాట్లాడుకుంటూ 18 వేగంతో వంద నిమిషాలు పోయేవాడి వేగం దానికి సరిపోతుంది. తక్కువపడేది సీటు మీద కూర్చునే ఓపిక. దానికోసం నెలకో ఆదివారం ఎనభై, వంద కిలోమీటర్లు తొక్కాల్సిందే, ఆఫీసు దారి ఎంత సాగదీసినా అక్కడిదాకా సాగదు.

మొన్న శుక్రవారం గేటు దగ్గర సెక్యూరిటీ తమ్ముడు మళ్లీ మీటరు చూశాడు. 12 అని ఉంది. రాత్రి కాల్ పదకొండున్నర దాకా నడిచింది, దగ్గరి దారిలో వచ్చాను. "ఏమైందన్నా, కొల్లూరు పోలే?" అన్నాడు.